పంపు ఎక్కడ పెట్టాలో చెప్పినవాడు

విశాఖపట్నంలోని మా కంపెనీ హెడ్డాఫీసుకు నేను ఇప్పటికి పదకొండు ఉత్తరాలు రాశాను. మొదటి నాలుగూ మామూలు టపాలో పంపాను. తరువాతివి రిజిస్టరు పోస్టులో వెళ్ళాయి. చివరిది స్వయంగా వెళ్ళి గుమాస్తా చేతిలో పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చాను. ఆ రసీదులన్నీ నా దగ్గర ఉన్నాయి. జవాబు ఒక్కటీ లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నోటిమాటగా "చూద్దాం" అన్నారు. రిటైరయ్యాక ఆ మాటైనా అనడం మానేశారు. అందుకని ఈ సంగతి మీకు చెబుతున్నాను, ఇప్పుడు షెడ్లలో చేతులు నల్లగా చేసుకుంటున్న చిన్నవాళ్ళకు. మీరైనా చివరిదాకా వింటారని ఆశ.

నేను పనిచేసింది ఒక లారీ కంపెనీ వర్క్‌షాపులో. పలాస నుంచి టెక్కలి వెళ్ళే దారిలో, హైవేకి కాస్త లోపలగా రేకుల షెడ్డు. వెనకంతా జీడితోట. టెక్కలి వైపు క్వారీల నుంచి నీలిరాయి దిమ్మలు మోసే లారీలూ, కంచిలి తోటల నుంచి కొబ్బరికాయలు మోసే లారీలూ మా దగ్గరికే మరమ్మతుకు వచ్చేవి. ఇంజను విప్పితే ఈ ప్రాంతమంతా లోపల కనిపించేది. రాతి పిండి, సముద్రపు ఇసక, కొబ్బరి పీచు, అన్నీ జిడ్డులో కలిసి మెత్తగా, నల్లగా ఉండేవి. జీడి పూత కాలంలో మధ్యాహ్నాలు ఆ వాసన షెడ్డులోకి వచ్చి కిరసనాయిలు వాసనతో కలిసేది. ఇప్పటికీ నిద్ర పట్టే ముందు ఆ రెండు వాసనలూ కలిసే వస్తాయి, దేన్నీ విడదీయలేను.

ఆ ఉత్తరాలు ఎవరి గురించో అతను మా షెడ్డుకు వచ్చింది తొంభైల చివర, పెద్ద తుఫాను తరువాత. ఉద్దానం తీరంలో ఒక చేపల ఊరు అతనిది. అతని తెప్పనూ వలలనూ ఆ తుఫాను ఒక్క పూటలో తీసుకుపోయింది. సముద్రం మీద చెయ్యి తిరిగినవాడు వచ్చి మా దగ్గర సామాన్లు కడిగే పనిలో కుదిరాడు. పర్మినెంటు కాదు. అతని పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పేరు ముందుగా పడవలసిన చోటు ఇంకొకటి ఉంది. అక్కడ పడేదాకా ఇక్కడ రాయను. చుట్టరికం ఏమీ లేకపోయినా ఇద్దరం బావా అంటే బావా అనుకునేవాళ్ళం.

సామాన్లు కడగడం అంటే తొట్టినిండా కిరసనాయిలు పోసి, విప్పిన ఇంజను భాగాల్ని అందులో ముంచి, బ్రష్షుతో రుద్దడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోచేతుల వరకూ అందులోనే. అతని చేతులు ముందు తెల్లబడ్డాయి, తరువాత పగిలాయి, ఆ తరువాత పగుళ్ళలో నల్లని గీతలు నిలిచిపోయాయి. అతని భార్య పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. జీడి రసం చర్మాన్ని కాల్చకుండా ఆ ఆడవాళ్ళు చేతులకు ఆముదం రాసుకుంటారు. ఆవిడ ఆ ఆముదమే మొగుడి చేతులకూ రాసి పంపేది. కిరసనాయిలు ముందు ఆముదం ఎంతసేపు నిలుస్తుంది?

ఒకరోజు అతన్ని టెక్కలిలో డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఇంకో ఏడాది ఈ చేతులు ఇలాగే నానితే పిడికిలి బిగుసుకోదని డాక్టరు చెప్పాడు. తిరుగు బస్సులో అతను కిటికీ పక్కన కూర్చుని, అరచేతులు రెండూ తొడల మీద తెరిచి పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు.

"పిడికిలి బిగకపోతే తెడ్డు పట్టలేను బావా. వల కుట్టలేను. మళ్ళీ సముద్రం మాటే లేదు" అన్నాడు.

"ఫోర్‌మాన్‌కి సెప్దుం. ఏరే పని ఇస్తాడేమో."

"సెప్పకు. సెప్తే రేపే ఇంటికి పొమ్మంటాడు. ఇదీ పోద్ది, అదీ పోద్ది."

బస్సు దిగేలోపు నేను నిశ్చయించుకున్నాను. సామాన్లు కడిగే యంత్రం ఒకటి తయారుచేయాలి. విశాఖలో ఒక పెద్ద వర్క్‌షాపులో చూశాను అలాంటిది. పైన జల్లెడ, జల్లెడ మీద సామాను. కింద కిరసనాయిలు. పంపు ఆ కిరసనాయిల్ని గొట్టంలోంచి పైకి తోసి, గొట్టం చివర ఉన్న బ్రష్షులోంచి వదులుతుంది. మనిషి బ్రష్షు పిడి పట్టుకుంటే చాలు, చేతులు ముంచక్కర్లేదు. డ్రమ్మును నిలువునా కోసి కాళ్ళు అతకడం, జల్లెడ వేయడం మాకు ఒక పూట పని. మిగిలింది పంపు. ఏ పంపు?

హెడ్డాఫీసుకు నా మొదటి ఉత్తరం అదే. కిరసనాయిలుకు ఏ పంపు పనికొస్తుందో తెలియజేయగలరు, ఒకటి మంజూరు చేయగలరు అని రాశాను. నెల చూశాను. రెండు నెలలు చూశాను. ఆ తరువాత ఫోర్‌మాన్ దగ్గరికి వెళ్ళాను. ఆయన మనిషి మంచివాడే. ఈ మాట ఇష్టం లేకుండానే రాస్తున్నాను.

"సేసుకో. పని ఆగకూడదు. కంపెనీ సామాను ముట్టకూడదు. తరవాత నన్ను అడక్కూడదు" అన్నాడు.

అప్పటికి నాకు దొరికింది ఎండాకాలపు కూలర్లో నీళ్ళు తోడే చిన్న పంపు. దాన్ని డ్రమ్ము అడుగున పెట్టి మీట వేశాను. సన్నగా ధార లేచింది. బావ వంగి లోపలికి చూశాడు.

"అడుగునే ఎందుకు పెట్టినావు బావా? అడుగున మన్ను కదా ఉంటాది."

"పంపు అడుగునే ఉంటాది. అదే పద్ధతి. నువ్వు ఆ బోల్టులు కడుగు."

మూడోనాడు పంపు తేనెటీగలా రొద పెట్టి ఆగిపోయింది. విప్పి చూస్తే లోపలి రబ్బరు ఉబ్బి పూరీలా ఉంది. కిరసనాయిలుకు రబ్బరు ఉబ్బుతుందని నాకు తెలియదా? తెలుసు. తెలిసినవాడే ఇలాంటి పనులు ఎక్కువ చేస్తాడు. అప్పుడే ఫోర్‌మాన్ టీకొట్టు దగ్గర నలుగురిలో నాకు "పంపుల పంతులు" అని పేరు పెట్టాడు. అది మంగళవారం. టీ అందిస్తున్న ఆవిడ కూడా నవ్వింది.

రెండోది పలాసలో ఒక మిల్లు నుంచి తెచ్చాను. జీడితొక్కల్లోంచి నూనె తీసే మిల్లు అది. ఆ నూనె తారులా ఉంటుంది, దాన్ని కూడా తోయగల పళ్ళచక్రాల పంపు. యజమాని లారీ ఒకసారి ఆదివారం పూట బాగుచేశానన్న కృతజ్ఞతతో పాతది ఒకటి ఇచ్చాడు. జీడినూనె తోసినది కిరసనాయిల్ని తోయలేదా అని గర్వంగా బిగించాను. ఆ పంపు చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టం. దూరంగా ఉన్న సముద్రంలా, లోతుగా, ఒకే శ్రుతిలో ఉండేది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, రేకుల కింద వేడిలో అందరికీ కళ్ళు మూతలు పడుతుంటే, బావ ఒక్కడే బ్రష్షు పట్టుకుని నిలబడి కడిగేవాడు. గేరుపెట్టె మీద నుంచి కిరసనాయిలు ఏడు రంగులుగా జారి పడేది. ఆ రంగులు రేకు చూరు మీద కదిలేవి. అవి చూస్తూ కూర్చుంటే షెడ్డంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుండేది.

ఫోర్‌మాన్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"రావివలస మల్లన్నకి కూడా ఇంత అబిషేకం లేదు కదయ్యా. ఒక కొబ్బరికాయ కూడా కొట్టీ పంతులూ."

వారం తిరక్కుండా ఆ సముద్రపు చప్పుడు నోట్లో రాళ్ళు నమిలినట్టయింది. రాతి పిండి పంపు పళ్ళు తినేసింది.

"బావా, ఆ పీల్చే గొట్టం కొంచెం పైకెత్తి సూద్దుమా?" అన్నాడు బావ.

"పైకెత్తితే గాలి పీలుస్తాది. నీకు తెలీదు, ఒగ్గెయ్."

మూడో పంపు కోసం టెక్కలిలో ఒక లేతు పనివాడి దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన. నా కథంతా విని, లేతు యంత్రం కింద నుంచి ఒక పంపు తీసి చూపించాడు. ఇనుము చెక్కుతున్నప్పుడు దాని మీద చల్లదనానికి పాలలాంటి ద్రవం పోస్తారు, ఆ ద్రవాన్ని తోసే పంపు. మోటారు పైన పొడిగా ఉంటుంది. పొడుగాటి కాడ చివర చక్రం ఒక్కటే కింద మునుగుతుంది.

"ఇనప రజను మింగి కూడా బతికే పంపు ఇది. ముందర ఏ పంపు పెట్టినానన్నావు?"

"కూలర్ పంపు."

"మోటారు కూడా కిరసనాయిల్లోనే ముంచినావా?" అని నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నీకు ఆయుస్సు గట్టిదిరా. మీటైనా దూరంగా పెట్టుకో, నిప్పురవ్వ లెగుస్తాది."

పెట్టుకున్నాను. పంపు ఆగలేదు, ఉబ్బలేదు, అరగలేదు. నేను గెలిచాననుకున్నాను. కాకపోతే రెండు వారాలకు కిరసనాయిలు కాఫీ మడ్డిలా అయింది. ఆ పంపు అన్నీ మింగుతుంది కదా, మింగిన మన్నునే మళ్ళీ సామాను మీద కక్కుతోంది.

"అడుగు నుంచి తోడకు బావా, తేరినది తోడు" అన్నాడు బావ బ్రష్షు దులుపుతూ. నేను రేడియేటరు విప్పుతున్నాను. విన్నానో లేదో కూడా గుర్తు లేదు.

అలా కడిగిన సామానుతో బిగించిన ఇంజను ఒకటి పది రోజులకే తిరిగి వచ్చింది. బేరింగుల నిండా గీతలు, గోళ్ళతో రక్కినట్టు. ఫోర్‌మాన్ ఒక బేరింగు తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టాడు. ఈసారి పంతులూ అనలేదు.

"సోమారం మజ్జాన్నం దాకా సూత్తాను. అప్పటికి సామాను సుబ్బరంగా రాకపోతే ఆ డ్రమ్ము పాత ఇనుముకి ఎల్లిపోద్ది. ఈయన మళ్ళీ తొట్టి దగ్గరికి. తొట్టి దగ్గర కూకోలేకపోతే ఇంటికి."

బావ చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. ఫోర్‌మాన్ వాటినే చూస్తున్నాడని అప్పుడు తెలిసింది నాకు. ఆ చేతుల సంగతి ఆయనకు ముందునుంచీ తెలుసు.

ఆదివారం పొద్దున్న బావ నన్ను వాళ్ళ ఊరు తీసుకెళ్ళాడు. "పంపు గొడవ ఒక పూట ఒగ్గీ. సేపల పులుసు తిని పోదువు" అన్నాడు. బస్సు దిగి కొబ్బరితోటల్లోంచి నడిచాం. ఉద్దానంలో నడుస్తుంటే మన అడుగుల చప్పుడు మనకే వినిపించదు, ఇసక మింగేస్తుంది. తుఫానుకు తలలు తెగిన కొబ్బరిచెట్లు స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య కొత్త మొక్కలు. పనసచెట్ల నీడ ఒకచోట, ఎండ ఒకచోట, ఆ రెంటి మధ్య నుంచి సముద్రం ఊపిరి తీస్తున్నట్టు గాలి. నాకు రాత్రంతా నిద్ర లేదు. ఆ దారి నేను నడిచానా, కల కన్నానా అని ఇప్పటికీ సందేహం వస్తుంటుంది.

తోట మధ్యలో నేలబావి ఉంది. ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం చెబుతాను. గట్టు ఉండదు, గిలక ఉండదు. ఇసకలో ఏటవాలుగా వెడల్పుగా తవ్విన గొయ్యి, నడిచి దిగవచ్చు. అడుగున ఊరిన నీళ్ళు మోకాలి లోతు. బావ తల్లి రెండు చేతుల్లో రెండు కుండలతో దిగింది. నీటి అంచున ఆగింది. కుండను ముంచలేదు. పక్కకు వంచి, మూతి అంచు నీటి పైపొరకు తగిలించి పట్టుకుంది. నీళ్ళు వాటంతట అవే చప్పుడు లేకుండా కుండలోకి నడిచి వచ్చాయి. అడుగున ఒక్క ఇసక రేణువు కదల్లేదు.

నేను ఉండబట్టలేక అడిగాను. "ముంచితే బేగి నిండుద్ది కదా అమ్మా?"

"ముంచితే ఇసక లెగుస్తాది నాయనా. నీళ్ళు పైనుంచి పుచ్చుకోవాల. అడుగు కదపకుంటే అదే తేరుకుంటాది." రెండో కుండ వంచుతూ కొడుకు వైపు చూసింది. "సదువుకున్నోడు, ఈ మాత్రం తెలీదేటి? నువ్వు సెప్పలేదేట్రా?"

బావ సముద్రం వైపు తిరిగి ఉన్నాడు.

"మూడుసార్లు సెప్పినానమ్మా" అన్నాడు.

కోపంగా అనలేదు. గాలి ఎటు తిరిగిందో చెప్పినట్టు అన్నాడు. నేను నేలబావి అంచున ఇసకలో కూర్చుండిపోయాను. హెడ్డాఫీసు నా ఉత్తరానికి జవాబివ్వలేదని అప్పటికి ఆరు నెలలుగా కనపడ్డవాడికల్లా చెప్పి ఉన్నాను. ఆ ఆరు నెలలూ నా పక్కనే నిలబడి ఒక మనిషి నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నాడు. జవాబివ్వడం నా చేతిలో ఉన్న మొదటిసారే నేను కూడా హెడ్డాఫీసునైపోయాను. పులుసు వడ్డిస్తే తిన్నాను. రుచి గుర్తు లేదు. అతను ముళ్ళు తీస్తుంటే వేళ్ళు వంగక తంటాలు పడడం గుర్తుంది.

సోమవారం తెల్లవారుతూనే ఇద్దరం షెడ్డులో ఉన్నాం. డ్రమ్ము ఖాళీ చేసి, సోడా నీళ్ళతో రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, లోపల అడ్డంగా ఒక రేకు గోడ అతికాం. జల్లెడ కింద పడే మురికి కిరసనాయిలు ఒక పక్క నిలుస్తుంది. మన్ను అక్కడే దిగిపోతుంది. పైకి తేరినది గోడ అంచు మీదుగా రెండో పక్కకు పొర్లుతుంది. టెక్కలి పంపును ఆ రెండో పక్క, అడుగుకు జానెడు పైన వేలాడదీశాం. గోడ ఎంత ఎత్తుండాలో బావే చెప్పాడు. నేను గీత గీశాను, అంతే.

ఆరోజు కడగవలసింది నీలిరాయి లారీ ఇంజను. ఎండ ఎక్కేసరికి ఫోర్‌మాన్ వచ్చి కుర్చీ వేసుకున్నాడు. బావ మీట వేశాడు. ముందు మబ్బుగా వచ్చింది ధార. అలా చూస్తుండగా అది టీ రంగుకు వచ్చి, తేనె రంగుకు వచ్చి, చివరకు రంగంటూ లేకుండా పోయింది. బావ క్రాంకుషాఫ్టును బ్రష్షుతో మెల్లగా తడుముతూ, ప్రతి రంధ్రంలోకీ ధార పట్టి కడిగాడు. తొందరపడలేదు. తోట వైపు నుంచి పూత వాసన, పలాస వైపు ఎక్కడో రైలు కూత. నాకు కాళ్ళ కింద ఇసక ఉన్నట్టే ఉంది.

మధ్యాహ్నం అయింది. ఫోర్‌మాన్ లేచి, జేబులోంచి తెల్ల రుమాలు తీసి, షాఫ్టును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తుడిచాడు. రుమాలు వెలుతురులో పట్టుకుని చూశాడు. వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఉంచండి" అన్నాడు. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అది కూడా నాకు గుర్తే.

బావ చేతులు మానడానికి ఆరేడు నెలలు పట్టింది. ముందు నల్ల గీతలు పోయాయి, తరువాత పగుళ్ళు మూసుకున్నాయి. ఒక మధ్యాహ్నం జీడిచెట్టు కింద కూర్చుని వల ఒకటి ఒళ్ళో వేసుకుని కుడుతున్నాడు. నన్ను చూసి కుట్టడం ఆపి, కుడిచెయ్యి ముందుకు చాచి, వేళ్ళు ఒక్కొక్కటిగా మడిచి, పిడికిలి బిగించి చూపించాడు. మళ్ళీ కుట్టుకున్నాడు.

కథ ఇక్కడ ఆపితే మీకూ బాగుండును, నాకూ బాగుండును. కొన్నేళ్ళకు హెడ్డాఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. వర్క్‌షాపుల్లో పనివాళ్ళు సొంతంగా చేసిన మెరుగులు ఏవైనా ఉంటే రాసి పంపమని. నేను ఆ రాత్రే కూర్చుని నాలుగు పేజీలు రాశాను, బొమ్మ గీశాను. ఇంకో ఏడాదికి ప్రశంసాపత్రం వచ్చింది. అద్దం కట్టి, బంగారు రంగు అంచుతో, నా ఒక్కడి పేరుతో. ఫోర్‌మాన్ షెడ్డు ముందు అందర్నీ నిలబెట్టి చదివాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది బావ. మిగతావాళ్ళవి మామూలు చప్పట్లు. అతనివి గట్టివి, నిండువి, మానిన అరచేతులవి. ఆ చప్పుడు నన్ను ఇరవయ్యేళ్ళుగా కొడుతూనే ఉంది.

"బాగున్నాది బావా. గోడకి పెట్టు" అన్నాడు.

ఇంటికి వెళ్ళి నేను పంపిన నాలుగు పేజీల నకలు తీసి చదివాను. ప్రతి పేరాలో నేను, నేను, నేను. నేలబావి లేదు. వాళ్ళమ్మ లేదు. మూడుసార్లు అడిగినవాడు లేడు. అద్దంలోంచి కాగితం తీసి, ఉత్తరం జతచేసి మర్నాడే తిప్పి పంపాను. ఈ యంత్రంలో పంపు తెచ్చింది నేనే, అది ఎక్కడ ఉండాలో చెప్పింది ఫలానా మనిషి, ఆ మాట లేకపోతే నా పంపులన్నీ పాత ఇనుమే, కనుక పత్రం ఇద్దరి పేరుతో తిరిగి రాసి ఇప్పించగలరు అని. ఆ తరువాత రాసినవన్నీ ఆ ఉత్తరాన్ని గుర్తుచేసేవే.

బావ ఇప్పుడు సముద్రానికే వెళ్తున్నాడు, చెయ్యి బాగానే ఉంది. నేను ఈ గొడవ ఎత్తితే నవ్వుతాడు. "ఇంకా ఒగ్గలేదేటి బావా? ఆ కాయితంతో నానేటి సేసుకుంతాను, తెరసాప కట్టుకుంతానా?" అంటాడు. అతనికి అక్కర్లేకపోవచ్చు. నాకు కావాలి.

హెడ్డాఫీసులో ఆ కుర్చీలో ఇప్పుడు ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఇది నా పన్నెండో ఉత్తరమనుకోండి. ఖాళీ అద్దం మా ఇంటి గోడకు అలాగే వేలాడుతోంది. వచ్చినవాళ్ళు అందులో తమ ముఖం చూసుకుని పోతున్నారు. నేను అడిగేది రెండు పేర్లు. అతనిది ముందు, నాది తరువాత. వేస్తారా, వేయరా? ఒక కార్డు ముక్క మీద రాసినా చాలు, జవాబు రాయండి.